పంచిన భూమి లెక్క – శ్రీ పుచ్చలపల్లి సుందరయ్య గారి జీవితం



ఈ ప్రత్యేక సంచికకు మహనీయుల జీవితాల మీద ఒక్కొక్కరం ఒక్కో వ్యాసం వ్రాయాలని మన కార్యదర్శి గారు కోరారు. మిత్రులు చాలామంది జాతీయ నాయకులను, సంగీత విద్వాంసులను ఎంచుకున్నట్టు తెలిసింది. నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయేదాకా ముప్పైయారేళ్ళు రెవెన్యూ శాఖలో పహాణీలు, పట్టాలు, సేత్వార్ నకళ్ళు మోసినవాడిని. అందుకని భూమితో ముడిపడిన మనిషినే ఎంచుకున్నాను. నేను ఏ పార్టీలోనూ సభ్యుడిని కాను, ఇప్పుడు చేరే వయసూ కాదు. ఈ వ్యాసం చదివి ఎవరూ కంగారు పడనక్కరలేదని ముందే మనవి చేస్తున్నాను.

దీనికి కారకుడు మా మనవడు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు కంపెనీలో పని. కంపెనీ పని మీద చైనాలో షెన్‌జెన్ అనే పట్టణానికి వెళ్ళి వచ్చాడు. అక్కడి మేడలు, రైళ్ళు, ఫ్యాక్టరీలు చూసి వచ్చి, ఒకప్పుడు అది చేపలు పట్టుకునే ఊరట తాతయ్యా, అచ్చం మన మాదాపూర్ లాగే అన్నాడు. ఆ తరువాత ఒక ప్రశ్న వేశాడు. కమ్యూనిస్టుల రాజ్యం మన దగ్గర వచ్చి ఉంటే ఏమయ్యేది అని. వచ్చింది కదా నాయనా, మన ఊళ్ళోనే రెండు మూడేళ్ళు నడిచింది, మీ ముత్తాతకు మూడెకరాల ఇరవై గుంటలు ఇచ్చింది కూడా అన్నాను. వాడు నమ్మలేదు. ఇంట్లో ఎవరూ వాడికి చెప్పలేదు. తప్పు మాదే. ఆ రాజ్యాన్ని నడిపించిన వారిలో ముఖ్యులైన సుందరయ్య గారి గురించి ఇక్కడ వ్రాస్తున్నది సగం వాడి కోసమే.

సుందరయ్య గారు 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడు గ్రామంలో పుట్టారు. కార్మికుల దినం నాడు పుట్టడం కాకతాళీయమే. తండ్రి వెంకట్రామిరెడ్డి గారు భూవసతి గల రైతు. తల్లి శేషమ్మ గారు. తండ్రి పోయేటప్పటికి ఈయన ఆరేళ్ళవాడు. అసలు పేరు సుందరరామిరెడ్డి. తరువాత కులాన్ని సూచించే ఆ చివరి మాటను తీసివేసి సుందరయ్య అయ్యారు. ఇప్పుడు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఆ రోజుల్లో ఊళ్ళో పెద్దరైతు బిడ్డ పేరులోంచి రెడ్డి తీసేయడమంటే బంధువులందరితో తగవు పెట్టుకోవడమే.

చదువు ఒక చోట సాగలేదు. అక్కాబావల వెంట తిరువళ్ళూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసు తిరిగారు. మద్రాసు లయోలా కాలేజీలో ఉండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. కాలేజీ విడిచి అందులో దిగారు. శిక్ష పడింది. వయసు చాలక తంజావూరు బోర్‌స్టల్ స్కూలుకు పంపారు. బయటికి వచ్చిన తరువాత అమీర్ హైదర్ ఖాన్ అనే విప్లవకారుని పరిచయంతో కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు. అప్పటికి దక్షిణ దేశంలో ఆ పార్టీకి నాలుగు జిల్లాల్లో నలుగురు మనుషులు లేరు. అంచెలంచెలుగా ఆంధ్రలోనూ, తమిళనాడులోనూ, కేరళలోనూ మనుషులను వెతికి పట్టుకుని పార్టీని కట్టే పని ఈయన మీద పడింది. కేరళలో కృష్ణపిళ్ళై, నంబూద్రిపాద్ వంటి వారిని ఆ పార్టీలోకి తెచ్చినవారిలో ఈయన ముఖ్యులు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు లేవు. మనలో చాలామందికి ఆ వయసులో సర్వీస్ కమిషన్ పరీక్షే పెద్ద సమస్య!

నాకు అంతకంటే గొప్పగా అనిపించేది అలగానిపాడులో వారు చేసిన పని. సొంత ఊళ్ళో వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టారు. రాత్రిబడి నడిపారు. చవకగా సరుకులు అమ్మే అంగడి పెట్టారు. దళితవాడకు వెళ్ళి వారితో కలిసి భోజనం చేశారు. కూలి పెంచమని అడిగింది ఎవరిని? సొంత అన్నదమ్ముల వంటి వారిని, మేనమామల వరస వారిని. తరువాతి కాలంలో తన వాటాకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చివేశారు. వారి తమ్ముడు డాక్టరు రామచంద్రారెడ్డి గారు నెల్లూరులో పేదలకు వైద్యం చేసి మంచి పేరు తెచ్చుకున్నారని నెల్లూరు వారు ఇప్పటికీ చెబుతారు.

1943 ఫిబ్రవరి 27న బొంబాయి పార్టీ కార్యాలయంలో పని చేస్తున్న లీల గారిని వివాహం చేసుకున్నారు. ప్రజల పనికి అడ్డు రాకూడదని పిల్లలు వద్దనుకున్నారు. ఆ రోజుల్లో పురుషుడు ఆపరేషన్ చేయించుకోవడం ఎంత వింతో, ఎమర్జెన్సీ కాలంలో కుటుంబ నియంత్రణ టార్గెట్ల కోసం ఊరూరా తిరిగిన మా బ్యాచ్ వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక తెలంగాణ సంగతికి వస్తాను. నేటి పిల్లలకు ఆ పాత హైదరాబాదు సంస్థానం భూమి ఎలా ఉండేదో చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. సంస్థానం భూమిలో సుమారు పదోవంతు నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్. దాదాపు మూడోవంతు జాగీర్లు, పాయిగాలు. మిగిలినది దివానీ. హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా చాలావరకు సర్ఫేఖాసే. మనం ఇప్పుడు లిఫ్టుల్లో ఎక్కి దిగే ఈ ప్రాంతం ఆ జిల్లాలోనిదే. దివానీ గ్రామాల్లో దేశ్‌ముఖులు, పటేల్ పట్వారీలు. విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో అరవై గ్రామాలు, నలభై వేల ఎకరాలు ఉండేవని సుందరయ్య గారు తమ గ్రంథంలో వ్రాశారు. రైతు పేరు మీద పట్టా ఉన్నా, అప్పు కింద నాగు వడ్డీకి తెచ్చిన గింజలు రెండేళ్ళలో పుట్ల లెక్కకు పెరిగి భూమి దొర చేతికి పోయేది. వెట్టి సంగతి వేరే. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, చివరికి రైతు కూడా దొర ఇంటికి, వచ్చిన అధికారికి ఊరికే చాకిరీ చేయాలి. మా నాయన చిన్నతనంలో గిర్దావరు సామాను నెత్తిన పెట్టుకుని ఎనిమిది మైళ్ళు నడిచాడు. ముప్పై ఏళ్ళ తరువాత కొడుకు అదే శాఖలో గుమాస్తా అయినప్పుడు ఆయన సంతోషించాడో, నవ్వుకున్నాడో నాకు తెలియలేదు.

1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ 1944 భువనగిరి మహాసభ నాటికి కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. ఊళ్ళల్లో దానిని సంఘం అనేవారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ గారి పంట విసునూరు దొర మనుషులు కోసుకుపోకుండా సంఘం నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గారు తూటాకు బలి అయ్యారు. అక్కడి నుంచి కర్ర, వడిసెల, తరువాత తుపాకి. సుందరయ్య గారు ఆంధ్ర పార్టీ నాయకులుగా బెజవాడ నుంచి ఈ పోరాటానికి వెన్నెముక అయ్యారు. మనుషులను, డబ్బును, ఆయుధాలను, ముఖ్యంగా ఒక పద్ధతిని పంపించారు. రావి నారాయణరెడ్డి గారు, బద్దం ఎల్లారెడ్డి గారు, మఖ్దూం మొహియుద్దీన్ గారు ఇక్కడి నాయకులు. వారి జీవితాలు కూడా ఎవరైనా వ్రాస్తే బాగుంటుంది.

ఆ సంఘం పాలన ఎలా నడిచింది? ముందుగా వెట్టి ఆగిపోయింది. ఆగిపోయింది అని ఒక్క మాటలో వ్రాశాను గాని, మా నాయన దానిని చెప్పేటప్పుడు గంట పట్టేది. ఒక తెల్లవారి దొర గడీ నుంచి కబురు వచ్చినా ఎవరూ కదలలేదట. ఊరంతా తలుపులు వేసుకుని లోపల కూర్చుని, ఏమవుతుందో అని చూశారట. ఏమీ కాలేదు. తరువాత అప్పుల కింద పోయిన భూములు తిరిగి రైతులకు ఇప్పించారు. కౌలుదారులను వెళ్ళగొట్టడం ఆపారు. బంజర్లు, అడవి అంచు భూములు పంచారు. చివరగా పెద్ద భూస్వాముల మిగులు పట్టుకున్నారు. దానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు. మొదట 500 ఎకరాలు అన్నారు, తరువాత 200, చివరకు మెట్ట 100, మాగాణి 10 ఎకరాలకు తెచ్చారు. కూలి పెరిగింది. ఊరి కమిటీలో దళితుడు కూర్చున్నాడు. భార్యను కొట్టిన కేసులు, విడాకులు, మారు మనువులు కమిటీ ముందుకు వచ్చాయి. ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చారు, దళాల్లో కూడా చేరారు.

సుందరయ్య గారు 1972లో ఇంగ్లీషులో వెలువరించిన పెద్ద గ్రంథం ప్రకారం సుమారు 3000 గ్రామాల్లో ఈ పాలన నడిచింది, 10 లక్షల ఎకరాల భూమి పంచబడింది. ఇది పార్టీ లెక్క. రెవెన్యూ రికార్డులో దీనికి ఆధారం వెతికితే దొరకదు. ఎందుకంటే ఊళ్ళో రికార్డు వ్రాసేవాడే పారిపోయాడు, కొన్ని చోట్ల రికార్డే తగలబడింది. గుమాస్తా బుద్ధితో నేను ఆ అంకెను అనుమానించిన రోజులు ఉన్నాయి. కాని మా నాయన మూడెకరాల ఇరవై గుంటలు అందులో ఉన్నాయి కాబట్టి పూర్తిగా కాదనలేను.

రెండో వైపు కూడా చెప్పాలి. రజాకార్లు చేసిన ఘోరాలు అందరికీ తెలుసు. దళాల చేతిలో కూడా దొరలు, వారి మనుషులు, ఇన్‌ఫార్మర్లు అనుకున్నవారు చనిపోయారు. అందులో అనుమానం మీద పోయినవారు ఉండరని నేను అనుకోను. విచారణ రాత్రి జరిగి తెల్లవారేసరికి శిక్ష అమలైపోయే చోట పొరపాటుకు అప్పీలు ఉండదు. అయినా నా నాయనకు ఆ రెండేళ్ళు బతుకులోకెల్లా మంచి కాలం. ఈ రెండు సంగతులూ నాకు ఒక దానిలో ఒకటి ఇమడవు.

చైనా ఇక్కడే వస్తుంది. 1948లో ఆంధ్ర నాయకత్వం ఒక పత్రం తయారు చేసి కేంద్ర నాయకత్వానికి పంపింది. మన దేశం రష్యా వంటిది కాదు, చైనా వంటిది, ఇక్కడ విప్లవం పట్టణాల సమ్మెలతో కాక పల్లెల రైతుతో, దీర్ఘకాలం సాగుతుందని దాని సారాంశం. అప్పటికి మావో ఇంకా పెకింగ్ చేరలేదు. మన దేశంలో చైనా దారి అన్నమాటను ఇంత స్పష్టంగా మొదట అన్నది తెలుగువారే. అప్పటి ప్రధాన కార్యదర్శి రణదివె గారు దీనిని తీవ్రంగా ఖండించారు. ఏడాది తిరక్కుండా, 1949 అక్టోబరులో చైనాలో మావో ప్రభుత్వం ఏర్పడింది. 1950లో ఆంధ్ర నాయకులు చండ్ర రాజేశ్వరరావు గారు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు.

ఈ లోగా ఇక్కడ పరిస్థితి తలకిందులైంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించి 17 నాటికి నిజాం లొంగిపోయాడు. నిజాం పోయాడు గనుక ఇక పోరాటం ఆపాలని రావి నారాయణరెడ్డి గారి వంటివారు అన్నారు. ఆపితే పంచిన భూమి పోతుందని, నిలబెట్టుకోవాలంటే కొనసాగించాలని సుందరయ్య గారు గట్టిగా నిలబడ్డారు. ఈ విషయంలో ఎవరిది సరి అని ఇప్పటికీ వాదులాడుకునేవారు ఉన్నారు. నా ఉద్దేశం చెబుతాను. సైన్యం ముందు గెలవలేరని తెలిసిన తరువాత మరి మూడేళ్ళు కొనసాగించడం అడవుల్లోని బిడ్డలకు చాలా ఖరీదైంది. మొత్తం పోరాటంలో నాలుగు వేల మంది చనిపోయారని సుందరయ్య గారే వ్రాశారు. ఎక్కువమంది సైన్యం వచ్చిన తరువాతే పోయారు. కాని ఆ ఒత్తిడి లేకపోతే 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం అంత తొందరగా వచ్చేవా అంటే, శాఖలో ముప్పైయారేళ్ళు ఫైళ్ళ నడక చూసినవాడిగా రావనే అంటాను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా గారికి వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చి భూదానం మొదలుపెట్టిందీ ఆ నల్గొండ జిల్లాలోనే, ఆ రోజుల్లోనే.

1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. అంతకు ముందు అజయ్ ఘోష్, డాంగే, రాజేశ్వరరావు, బసవపున్నయ్య గార్లు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో చర్చించి వచ్చారు. సుందరయ్య గారు ఆ నాలుగేళ్ళు అజ్ఞాతంలోనే గడిపారు. అడవుల్లో దళాల మధ్య తిరిగారు.

మా ఇంటికి ఏమైందో కూడా చెబుతాను. సైన్యం వచ్చిన తరువాత దొర మనుషులు తిరిగి వచ్చారు. ఊరి బయట క్యాంపు పడింది. మా నాయన వేసిన జొన్న పంటను వారే కోసుకుపోయారు. రెండు నెలలు ఆయన ఇంట్లో పడుకోలేదు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల జాబితా తయారైనప్పుడు ఆయన పేరు అందులోకి ఎక్కలేదు. వ్రాసేవాడు పట్వారీ, పట్వారీ దొర మనిషి. తరువాత కాలంలో 38-ఇ సర్టిఫికెట్లు నా చేతులతో ఎంతమందికో తయారు చేసి ఇచ్చాను. మా నాయనకు ఇవ్వలేకపోయాను. నేను పుట్టింది 1950లో. భూమి నాకు కథే.

చైనాలో గెలిచినవారు ఏం చేశారో ఇక్కడ క్లుప్తంగా చెప్పాలి. 1950 మే 1న కొత్త వివాహ చట్టం వచ్చింది. బాల్య వివాహాలు, ఆడపిల్లలను కొనడం నిషేధించారు. స్త్రీకి విడాకుల హక్కు ఇచ్చారు. ఆ ఏడాది జూన్‌లో భూ సంస్కరణ చట్టం. రెండు మూడేళ్ళలో ముప్పై కోట్ల మంది పేద రైతులకు భూమి చేరింది. ఆ క్రమంలో లక్షల మంది భూస్వాములు ప్రాణాలు కోల్పోయారు. తరువాత ఏమైందంటే, ఇచ్చిన భూమిని ఇచ్చినవారే వెనక్కి తీసుకున్నారు. మొదట సహకార సంఘాలు, 1958లో కమ్యూన్లు. వంట కూడా ఉమ్మడి వంటశాలలోనే. అధికారులు పై వారిని మెప్పించడానికి పంట లెక్కలు పెంచి వ్రాశారు. ఆ లెక్క ప్రకారం ప్రభుత్వం ధాన్యం తీసుకుపోయింది. 1959 నుంచి 1961 వరకు వచ్చిన కరువులో కోట్ల మంది చనిపోయారు. ఒకటిన్నర కోట్ల నుంచి నాలుగు కోట్లు పైబడి రకరకాల అంచనాలు ఉన్నాయి. గుమాస్తా వ్రాసిన తప్పుడు అంకెకు ఇంత శక్తి ఉంటుందని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే ఆ దేశమే బళ్ళు, పల్లె వైద్యులు, టీకాలు ఊరూరా చేర్చి 1980 నాటికి సగటు ఆయువును 65 ఏళ్ళు దాటించింది. 1978లో అన్‌హుయి రాష్ట్రంలోని శియావ్‌గాంగ్ అనే ఊళ్ళో పద్దెనిమిది మంది రైతులు రహస్యంగా కాగితం వ్రాసుకుని, వేలిముద్రలు వేసి, కమ్యూన్ భూమిని ఇళ్ళవారీగా పంచుకున్నారు. పట్టుబడితే జైలు. పట్టుబడలేదు సరికదా, డెంగ్ ప్రభుత్వం ఆ పద్ధతినే దేశమంతా అమలు చేసింది. 1980లో షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలి చేశారు. మా మనవడు చూసి వచ్చిన మేడలు అప్పటి నుంచి లేచినవి.

సుందరయ్య గారి మీద చైనా ముద్ర మాత్రం జీవితాంతం పోలేదు. 1962 యుద్ధ సమయంలో అరెస్టు చేశారు. 1964లో పార్టీ చీలిపోయి మార్క్సిస్టు పార్టీ ఏర్పడినప్పుడు ఈయన ప్రధాన కార్యదర్శి అయ్యారు. అప్పుడూ అరెస్టు, 1966 దాకా జైలు. బయటివారు చైనా పక్షం అన్నారు. చైనావారేమో 1967లో నక్సల్బరీని పొగుడుతూ రేడియోలో ఈ పార్టీని తిట్టారు. ఆ ఏడాది మదురైలో పార్టీ కేంద్ర కమిటీ చైనా వైఖరిని కాదని తీర్మానించింది. మరుసటి ఏడాది తరిమెల నాగిరెడ్డి గారు, దేవులపల్లి వెంకటేశ్వరరావు గారు, తెలంగాణలో ఆయన వెంట నడిచినవారు ఎంతోమంది విడిపోయారు. అటు ఢిల్లీకీ, ఇటు పెకింగ్‌కూ, చివరికి సొంత శిష్యులకూ కాకుండా పోయిన స్థితి. 1972 గ్రంథం ఆ బాధలో పుట్టిందని నా అభిప్రాయం.

చట్టసభల్లో వారి నడత గురించి పాత ఉద్యోగులు కథలుగా చెప్పేవారు. 1952లో రాజ్యసభకు వెళ్ళారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వచ్చేవారు. 1955 ఎన్నికల్లో ఆంధ్రలో కమ్యూనిస్టులకు ఓట్లు మూడోవంతు దాకా వచ్చినా సీట్లు పదిహేనే వచ్చాయి. ఆ పదిహేనులో ఒకటి ఆయన గెలిచిన గన్నవరం. 1962లోనూ, 1978లోనూ అక్కడి నుంచే. ఆనకట్టలు, కాలువల కింది ఆయకట్టు, దిగుబడి, కూలి రేట్లు అంకెలతో సహా చెప్పేవారని, జవాబు తయారు చేయలేక సెక్షన్లు ఆలస్యంగా ఇళ్ళకు వెళ్ళేవని అనేవారు. 1946లోనే విశాలాంధ్రలో ప్రజారాజ్యం అన్న పుస్తకంలో నీటి వనరులు, పరిశ్రమల ప్రణాళిక వ్రాసిన మనిషి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు సహాయక దళాలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు. అంతకు ముందే 1976లో, పార్టీ పోతున్న దారితో విభేదించి ప్రధాన కార్యదర్శి పదవి వదులుకున్నారు. పదవి వదిలి పార్టీలోనే ఉండి ఆంధ్రలో పని చేశారు. ఈ రకం మనుషులు ఏ పార్టీలోనూ ఎక్కువ లేరు.

నేను వారిని ఒక్కసారే చూశాను. 1978లో ఒక బహిరంగ సభలో, అదీ దూరం నుంచి. ప్రభుత్వోద్యోగి రాజకీయ సభకు వెళ్ళకూడదు గనుక ఎదురుగా ఉన్న హోటలులో టీ తాగుతున్నట్టు నిలబడ్డాను. పొట్టి చేతుల చొక్కా వేసుకున్న మామూలు మనిషి. నాకు దగ్గరకు వెళ్ళాలనిపించింది, సిగ్గు కూడా అనిపించింది. ఆ సిగ్గుకు కారణం ఇక్కడ వ్రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

మన రాష్ట్రంలో భూ సంస్కరణల చట్టం 1973లో చేసి 1975 జనవరి 1 నుంచి అమలు చేశారు. కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు, నేల తరగతిని బట్టి. మేజరు కొడుకుకు వేరే వాటా. మిగులు ఉన్నవారు ట్రిబ్యునలులో డిక్లరేషను దాఖలు చేయాలి. నేను అప్పుడు ఒక ట్రిబ్యునల్ ఆఫీసులో ఎల్.డి.సి. ఊరు పేరు ఇక్కడ అక్కరలేదు. ఒక పెద్ద భూస్వామి డిక్లరేషనులో ముప్పై ఎనిమిది ఎకరాలు ముందే అమ్మివేసినట్టు, కొన్నవాడు ఫలానా అని ఉంది. కొన్నవాడిని విచారణకు పిలిపించారు. వచ్చినవాడు ఆ ఇంటి జీతగాడు. కాళ్ళకు చెప్పులు లేవు. వేలిముద్ర వేసి బయటికి వచ్చి, నా బల్ల దగ్గర నిలబడి, తిరిగి పోవడానికి బస్సు చార్జీ లేదు, రూపాయి ఉంటే ఇమ్మని అడిగాడు. ముప్పై ఎనిమిది ఎకరాల ఆసామి! రూపాయిన్నర ఇచ్చాను.

ఆ రోజే ఫైలులో నోట్ పెట్టాను. కొనుగోలు నమ్మదగినది కాదని, స్థానిక విచారణ అవసరమని వ్రాశాను. మర్నాడు నా పై వారు పిలిచి, పెళ్ళి కావలసిన చెల్లెలు ఉన్నది కదా అని మెల్లగా అడిగారు. ఇంకేమీ అనలేదు. నేను ఆ నోట్ చించి కొత్తది వ్రాశాను. రిజిస్టర్డు పత్రం సరిగా ఉన్నది అని. ఆ ఆదివారం ఇంటికి వెళితే మా నాయన, మీ ఆఫీసులో భూములు తేలుతున్నాయట కదా, మన వైపు ఏమైనా తేలాయా అని అడిగాడు. లేదన్నాను. మళ్ళీ అడగలేదు. 1983లో పోయాడు.

ఆ చట్టం కింద రాష్ట్రమంతటా మిగులుగా తేలింది సుమారు 8 లక్షల ఎకరాలు. స్వాధీనం చేసుకుని పంచింది అంతకంటే బాగా తక్కువ. అది ఇరవై మూడు జిల్లాల రాష్ట్రం. ఇన్ని ట్రిబ్యునళ్ళు, ఇంతమంది గుమాస్తాలం. సుందరయ్య గారు చెప్పిన 10 లక్షల ఎకరాలు నాలుగైదు జిల్లాల లెక్క. అందులో సగం నిజమనుకున్నా మా అందరి పని దాని పక్కన చిన్నదే. అయితే మేము పంచినది, ఎంత తక్కువైనా, చాలావరకు రైతు దగ్గర పట్టాతో నిలిచింది. వారు పంచినది చాలా చోట్ల నిలవలేదు. మా ఇంట్లో నిలవలేదు.

సుందరయ్య గారు 1985 మే 19న మద్రాసులో కన్ను మూశారు. ఆ ఏడాదికి కొద్దిగా ముందే రామారావు గారి ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. చైనాలో కమ్యూన్లు రద్దయినదీ ఆ రోజుల్లోనే. సైబర్ టవర్స్ ప్రారంభం 1998లో. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసిన భూమి ఎకరం వంద కోట్లు దాటినప్పుడు, ఆ వార్త చదివి మా మనవడు మూడెకరాల ఇరవై గుంటలను గుణించి చూశాడు. మా ఊరు నల్గొండ జిల్లాలో, ఇక్కడికి ఎంతో దూరం. ఆ రేటు అక్కడ వర్తించదని చెప్పినా వినడే.

బాగ్‌లింగంపల్లిలో వారి పేరున సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. మంచి గ్రంథాలయం. 2000 ఆగస్టు వరదల్లో అక్కడి పాత ఉర్దూ పుస్తకాలు నీట మునిగి చాలా నష్టం జరిగింది. మొన్న ఒక ఆదివారం మనవడితో రాయదుర్గంలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లో దిగి అటు వెళ్ళాను. సీనియర్ సిటిజనులు ఎవరైనా వెళ్ళదలిస్తే ఈ దారే సులువు, మెట్లు ఎక్కువ లేవు. తెలంగాణ పోరాటం మీద వారు వ్రాసిన ఆ లావు పుస్తకం దగ్గర పెట్టుకుని మనవడు మా ఊరి పేరు వెతకడం మొదలుపెట్టాడు. ఊరి పేరును మూడు రకాలుగా వ్రాసి చూపించాను, ఇంగ్లీషులో ఎలా పడిందో తెలియదు గదా. మధ్యాహ్నం దాకా వెతికాడు. సగం పుస్తకం అయింది. మిగతాది వచ్చే ఆదివారం చూద్దాం తాతయ్యా అన్నాడు.